బెల్లు కొట్టకూడని గట్టు

తుంగపాలెం నుంచి పోర్టు వైపు పోవడానికి రెండు దారులుండేవి. ఒకటి కొండ చుట్టి వచ్చే రోడ్డు. దాని మీద బస్సు తిరుగుతుందని చెప్పుకునేవారు గానీ, దాన్ని నమ్ముకుని డ్యూటీకి వేళకి అందినవాడు లేడు. రెండోది గెడ్డగట్టు. ఒక పక్క గెడ్డ అనే వాగు, ఒక పక్క వరిమళ్ళు, మధ్యలో ఇద్దరు మనుషులు భుజాలు రాసుకుని తప్పుకునేంత దారి. డెబ్బైల చివర్లో పొద్దున్నపూట ఆ గట్టు మీద ఉండే రద్దీ టౌను బజారులో కూడా ఉండేది కాదు. పోర్టు కలాసీలు, షిప్‌యార్డు వాళ్ళు, స్టీలు ఫ్యాక్టరీలో తమకీ పని దొరుకుతుందని ఆశపడి తిరిగేవాళ్ళు, కూరగాయల బుట్టలు, పాల కేన్లు, అన్నీ ఆ సన్న దారి మీదనే పోవాలి.

అంత రద్దీకీ అక్కడ పోలీసు లేడు, బోర్డు లేదు. ఉన్నది చిలకమ్మ. ఆవిడ ఒక్కతే చాలు.

చిలకమ్మది పెరుగు వ్యాపారం. రాత్రి తోడేసిన పెరుగు కుండ నెత్తికెత్తుకుని, గట్టు మధ్యనించి రెండు చేతులూ ఊపుకుంటూ నడిచేది. కుండకి చెయ్యి ఆనించడం ఆవిడకి నామోషీ. ఆవిడ వెనక కూరగాయల బుట్టతో కాశమ్మ నడిచేది. కాశమ్మ ఆవిడకన్నా పెద్దది, అందుకని చిలకమ్మ ఆవిడని అక్క వరసన "అప్పా" అనేది. నోట్లో మాట నోట్లోనే ఉంచుకునే రకం. ఇద్దరూ పెళ్ళయి ఆ ఊరొచ్చిన కొత్తల్లోనే జతకట్టారు. అప్పటినించీ ముందు చిలకమ్మ, వెనక కాశమ్మ. ఈ వరస ఎవరూ నిర్ణయించింది కాదు, గొంతు పెద్దదైన మనిషి ముందు నడవడం వాళ్ళకి సహజంగా తోచింది.

ఇక్కడ గట్టు మర్యాదల గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే చిలకమ్మ అంత మిడిసిపాటు ఎక్కడిదో మీకు అర్థం కాదు. ఆ గట్టు మీద మొదటి గౌరవం నెత్తిన బరువున్న మనిషిది. ఎదురొచ్చేవాడు ఎంతటివాడైనా సైకిలు దిగాలి. దిగి, గెడ్డ వైపు అంచుకి తప్పుకోవాలి. ఎవరైనా జారితే బరువు లేనివాడే నీళ్ళలో పడాలి గానీ బరువున్న మనిషి పడకూడదని దాని లెక్క. వెనకనించి వచ్చేవాడైతే అస్సలు బెల్లు కొట్టకూడదు. బరువు మోసేవాళ్ళు బెల్లు వింటే ఉలిక్కిపడి మెడ తిప్పుతారు, మెడ తిరిగితే కుండ నిలవదు. అందుకని దూరంనించే మామూలు గొంతుతో "వత్తన్నా" అని చెప్పి, దిగి, నడిపించుకుంటూ దాటి, ఆ తర్వాత ఎక్కాలి.

పరిగెత్తేవాళ్ళకి వేరే పద్ధతి. నేవీ సెలెక్షన్లనీ, పోలీసు సెలెక్షన్లనీ పొద్దున్నే గట్టు మీద పరుగులు తీసే కుర్రాళ్ళు ఉండేవారు. బోసికాళ్ళకి చప్పుడుండదు కాబట్టి వాళ్ళు నోటితో ఏదో ఒకటి అంటూ రావాలి. మిషన్ కాంపౌండు శుభాకర్ పోర్టు ఫైర్ సర్వీసులో చేరాలని ఏళ్ళ తరబడి పరిగెత్తినవాడు. అతను చర్చి పాటలు అందుకునేవాడు. ఆ గొంతుకి గెడ్డలో కొంగలు కూడా లేచిపోయేవి. ఇక వాన పడ్డ మర్నాడు ఎవరూ సైకిలెక్కకూడదు. ఆ జిగటమట్టిలో చక్రం గాడి తీస్తుంది, ఎండ కాశాక ఆ గాడి గట్టిపడి కూర్చుంటుంది, అందులో కాలు మడతపడేది మళ్ళీ బరువు మోసేవాళ్ళకే. వాన వెలిసిన రోజు పెద్ద పెద్ద మగాళ్ళు సైకిళ్ళు భుజాన వేసుకుని గట్టు మీద వరసగా నడిచిపోతుంటే కొత్తవాళ్ళు ఆగి చూసేవారు.

అన్నిటికన్నా గట్టిది ఆఖరి కట్టుబాటు. ఎవడివల్ల బరువు కింద పడిందో వాడే దాన్ని నెత్తికెత్తుకుని చేరవలసిన చోటికి చేర్చాలి. ఇవన్నీ ఏ కాలంలో ఎవరు పెట్టారో తెలీదు గానీ, చిలకమ్మ మాత్రం తన పుట్టింటివాళ్ళు సారె పెట్టినట్టు వాటిని కాపాడుకునేది.

ఆ సంగతి శ్రీరామ్మూర్తికి మొదటి రోజే తెలిసొచ్చింది. ఆయన కాకినాడ వైపునించి ట్రాన్స్‌ఫరై వచ్చిన పోర్టు ఆఫీసు గుమాస్తా. టౌనులో ఇల్లు దొరక్క తుంగపాలెంలో అద్దెకి దిగాడు. ఇస్త్రీ ప్యాంటు, కొత్త సైకిలు, ఆ సైకిలుకి తళతళలాడే బెల్లు. పాపం, మంచివాడే, గట్టు సంగతి చెప్పేవాళ్ళు లేకపోయారు. కాశమ్మ వెనకకి వచ్చి ట్రింగుమన్నాడు. కాశమ్మ మాట్లాడకుండా అంచుకి తప్పుకుంది. అదే ఊపులో చిలకమ్మ వెనక కూడా ట్రింగు ట్రింగుమన్నాడు. చిలకమ్మ అదిరిపడి మెడ తిప్పింది. కుండ ఒరిగింది. పెరుగు సగం గట్టు మీదా, కొంత ఆ ఇస్త్రీ ప్యాంటు మీదా పడింది.

"బెల్లు కొట్టాను కదమ్మా, చూసుకోవద్దా?" అన్నాడు శ్రీరామ్మూర్తి, ప్యాంటు దులుపుకుంటూ.

చిలకమ్మ మిగిలిన కుండ నెమ్మదిగా కిందకి దించింది. అరవలేదు. అరిచే అవసరం ఉన్నప్పుడు ఆవిడ అరిచేది, ఇక్కడ లేదు.

"కళ్ళు ముందుంటాయి బాబూ, ఎనకాల ఉండవు. సూసుకోవలసింది నువ్వా, నానా? సైకిలు దిగు. కుండ నెత్తికెత్తుకో."

"నేనా?"

"మరెవుడు, నీ బెల్లా?"

అప్పటికి వెనక సైకిళ్ళు ఆగిపోయాయి. ఒకతను గట్టు కట్టుబాటు ఏమిటో ఆయనకి వివరంగా చెప్పాడు. ఇంకొకతను జేబురుమాలుని చుట్టకుదురులా చుట్టి ఆయన నెత్తిన పెట్టాడు. శ్రీరామ్మూర్తి చుట్టూ చూశాడు. నవ్వే మొహం ఒక్కటీ లేదు, అందరూ డ్యూటీకి టైమవుతున్నట్టే చూస్తున్నారు. ఆయనకి ఇంక తప్పలేదు. రెండు చేతులతో కుండని గట్టిగా పట్టుకుని, మెడ బిగించి, ఎదరకి నడిచాడు. ఆయన సైకిలు చిలకమ్మ నడిపించుకుంటూ వచ్చింది. సైకిలు హేండిల్ పట్టుకోవడం ఆవిడకి అదే మొదటిసారి. అది చెప్పినట్టు వింటూ పక్కన నడిచి రావడం ఆవిడకి ఎందుకో నచ్చింది. పోర్టు ఆఫీసు దగ్గర ప్యూన్లు గుమాస్తా గారిని చూసి ఏమనుకున్నారో నాకు తెలీదు. ఆ మర్నాటినించీ మాత్రం ఆయన రోజూ దూరంనించే "వస్తున్నానమ్మా" అని పిలిచి, దిగి, నడిచి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి వాళ్ళింటికి పెరుగు వాడిక కూడా పెట్టించాడు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఎనభై దాటాక స్టీలు ఫ్యాక్టరీ పనులు జోరందుకున్నాయి, గట్టు మీద సైకిళ్ళు పెరిగాయి. చిలకమ్మ పెత్తనం మాత్రం ఇంచీ తగ్గలేదు. తగ్గింది మెడలో సత్తువ. ముందు కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. పాలు పిండుతుంటే గిన్నె జారిపోయేది. భర్త ఎల్లారావు పోర్టులో కలాసీ, మెత్తని మనిషి, పెళ్ళాం మాటకి ఎదురుచెప్పి ఎరగడు. అలాంటివాడు కూడా ఆ రోజు మొండికేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఫోటో తీయించి చూసి, మెడ ఎముకలు అరిగిపోయాయమ్మా, ఇంక నెత్తిన బరువు పెట్టావంటే ఆ చెయ్యి పడిపోతుంది అని తేల్చేశాడు.

"మానీ," అన్నాడు ఎల్లారావు ఇంటికొచ్చాక. "నాకు డ్యూటీ ఉంది గదా. గంజో నీళ్ళో తాగుదుం."

"నా వాడికోళ్ళు పొద్దున్నే గిన్నెలట్టుకుని గుమ్మాల్లో నిలబడతారు. ఆళ్ళకేటి సెప్పమంటావు?"

"ఆళ్ళకి ఇంకోళ్ళు పోత్తారు."

ఆ మాటకి చిలకమ్మ కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఎల్లారావు అది వాడికల కోసమనుకున్నాడు. కాదు. పెరుగు మానేస్తే ఇల్లు గడవకపోదు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తనకి గట్టు పోతుంది. పొద్దున్నే అంతమంది మగాళ్ళు దిగి తప్పుకుంటుంటే నడిమధ్యనించి నడిచే మనిషి, రేపటినించి ఇంట్లో కూర్చుని వాకిలి ఊడ్చుకోవాలి. ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళున్నారు, వాళ్ళకి ఎక్కడా ఎవరూ దిగరు. తను వాళ్ళలో ఒకతె అయిపోవడమనేది చిలకమ్మకి మింగుడుపడలేదు.

మూడోనాడు కళ్ళు తుడుచుకుని, "నాను సైకిలు నేర్సుకుంతాను," అంది.

కోతలైపోయిన మడిలో సాయంత్రాలు నేర్పాడు ఎల్లారావు. నాట్లప్పుడు కట్టినట్టు చీర గోచీపోసి కట్టుకుంది కాబట్టి మగసైకిలు మధ్య కడ్డీ ఆవిడకి అడ్డమే కాలేదు. అడ్డమైంది బెదురు. "వదిలీకు, వదిలీకు" అని ఆవిడ కేకేస్తుంటే, "వదల్నేదే, అట్టుకునే ఉన్నాను" అని ఎల్లారావు మడి ఆ చివరనించి జవాబు చెప్పేవాడు. ఆ గొంతు అంత దూరంనించి వస్తోందేమిటని ఆవిడకి అనుమానం వచ్చేసరికి సైకిలు గడ్డిమేటులోకి దూరేది. ఊరు ఊరంతా గట్టు మీద కూర్చుని చూసి నవ్వింది. చిలకమ్మ గడ్డి దులుపుకుని మళ్ళీ ఎక్కింది. నవ్వినవాళ్ళందరినీ ఆవిడ పేరుపేరునా గుర్తు పెట్టుకుంది.

పాలమ్మే ఒకాయన దగ్గర పాత సైకిలు కొన్నారు. కుదుపులకి పెరుగు విరిగిపోతుందని, వెనక కేరేజికి రెండు పక్కలా బుట్టలు కట్టి, అడుగున వరిగడ్డి దిట్టంగా పరిచి, తడిగోనె చుట్టిన తప్పేలాలు అందులో కూర్చోబెట్టింది. ఇప్పుడు గట్టు మీద ప్రతి గుంటా ఆవిడకి శత్రువే. సాయంత్రంపూట వచ్చి గంపతో మట్టి పోసి పూడ్చేది. మెడ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. "ఏటి చిలకమ్మా, సైకిలెక్కీసేవు?" అని అడిగితే, "నడిసి నడిసి ఇసుగొచ్చీసింది" అనేది. నెత్తిన బరువు మోయలేని మనిషినని గట్టు మీద చెప్పుకోవడం కన్నా గెడ్డలో దూకడం ఆవిడకి సుళువు.

మొదటి రోజు బెదురుతూనే గట్టెక్కింది. ఆ తర్వాత చూస్తే ఎదురొచ్చినవాళ్ళంతా ఎప్పటిలాగే దిగిపోతున్నారు. శ్రీరామ్మూర్తి ఆవిడని దూరంనించే చూసి దిగిపోయాడు. నైట్ డ్యూటీ దిగి వచ్చే కలాసీలు దిగిపోయారు. పరిగెత్తే శుభాకర్ పాట ఆపి మరీ మడిలోకి గెంతాడు. చిలకమ్మ తల పంకిస్తూ నడిమధ్యనించి సాగిపోయింది. నెత్తిన కుండ లేదనీ, గట్టు లెక్క ప్రకారం తను ఇప్పుడు దిగవలసిన జాతిలో చేరిపోయిందనీ ఆవిడకి తట్టనే లేదు. అన్నేళ్ళు దారి తనది. సైకిలెక్కినంతమాత్రాన దారి మారుతుందా?

ముందంతా ఆవిడకి బెల్లు అవసరం పడలేదు. కానీ బెల్లున్నాక వేలు ఊరుకోదు. మొదట మేకలకి కొట్టింది. తర్వాత కుక్కలకి కొట్టింది.

వానలు తెరిపిచ్చి రెండు రోజులు ఎండ కాశాక ఒక పొద్దున్న అది మనిషి మీదికొచ్చింది. వారం రోజుల వానకి నానిన గట్టు అంచులు రెండు పక్కలా ఇంకా జారుగానే ఉన్నాయి. ఎవరో తొందరగాడు తడిలోనే సైకిలు తొక్కినట్టున్నాడు, నడిమధ్యన గాడి పడి ఎండిపోయింది. చిలకమ్మ కళ్ళు ఆ గాడి మీద, ప్రాణం వెనక తప్పేలాల మీద ఉన్నాయి. తల ఎత్తేసరికి ఎదురుగా కాశమ్మ వీపు కనబడింది. నెత్తిన బెండకాయలూ గోంగూర కట్టలూ ఉన్న పెద్ద బుట్ట. చిలకమ్మ సైకిలెక్కిన దగ్గర్నించీ కాశమ్మ ఒంటరిగానే నడుస్తోంది.

చిలకమ్మ దిగలేదు. "వత్తన్నా" అనలేదు. బెల్లు మోగించింది.

కాశమ్మ ఉలిక్కిపడి మెడ తిప్పింది. బుట్ట ఒరిగింది. దాన్ని పట్టుకోబోయి అంచు మీద కాలేసింది, నానిన అంచు విరిగింది. బుట్టా కాశమ్మా కలిసి గెడ్డలోకి జారిపోయారు. చిలకమ్మ బ్రేకు బిగించి కాలు ఆనించి నిలబడింది.

"బెల్లు కొట్టేను గదప్పా, సూసుకోవాల గదేటి?" అంది.

ఆ మాట నోట్లోంచి పూర్తిగా బయటికొచ్చాక ఆవిడకి అది ఎక్కడో విన్న మాటలా అనిపించింది. వెనక్కి చూసింది. వెనక శ్రీరామ్మూర్తి సైకిలు దిగి నిలబడి ఉన్నాడు. ఆయన ఆవిడ మొహం చూడలేదు. పాపం, మర్యాదస్తుడు, ఆవిడ బెల్లు వైపు చూశాడు.

శుభాకర్ పరిగెత్తుకొచ్చి గెడ్డలోకి దూకాడు. నీళ్ళు నడుముల్లోతే. కాశమ్మని గట్టెక్కించి, మళ్ళీ దిగి, కొట్టుకుపోతున్న గోంగూర కట్టలన్నీ ఏరుకొచ్చాడు. బెండకాయలు చాలావరకు దక్కాయి. కాశమ్మ మడమ మాత్రం చూస్తుండగానే వాచిపోయింది. ఆవిడ తడి బట్టలతో గట్టు మీద కూర్చుని చీర కుచ్చెళ్ళు పిండుకుంటోంది. ఒక్క మాట అనలేదు. అంటే చిలకమ్మకి బాగుండేది.

రెండు వైపులా సైకిళ్ళు ఆగిపోయాయి. కట్టుబాటు ఏమిటో ఈసారి ఎవరూ వివరించలేదు, వివరించవలసిన అవసరం లేదు. అందరూ చిలకమ్మ వైపు చూస్తున్నారు. కొందరు శ్రీరామ్మూర్తి వైపు చూస్తున్నారు. ఆయన మాత్రం, "తడిసిపోయిన బరువు, పోనీ నేను..." అని ఏదో అనబోయాడు.

"నీకెందుకు బాబూ," అంది చిలకమ్మ. సైకిలు స్టాండేసింది. పైట కొంగు చుట్టకుదురు చుట్టింది. చుడుతుంటే కుడిచేతి వేళ్ళు ఆవిడ మాట వినడం లేదు. చెయ్యి పడిపోతుందన్న డాక్టరు మాట చెవిలో తిరుగుతోంది. ఎత్తుకుంటే చెయ్యి పోతుంది, ఎత్తుకోకపోతే గట్టు పోతుంది. రేపు ఎవడు ఎవడికి బెల్లు కొట్టినా, ఎవడు ఎవరిని పడేసినా, అడగడానికి తనకి నోరుండదు. చిలకమ్మకి అక్కడ పెద్ద ఆలోచనేం పట్టలేదు. గట్టు మీద కూర్చుంది. "ఎత్తండి," అంది.

శుభాకరూ ఇంకొకతనూ బుట్ట చెరో పక్కా పట్టుకుని లేపారు.

"దించండి." కాశమ్మ గొంతు అంత గట్టిగా ఉంటుందని అక్కడెవరికీ తెలీదు. "దాని నెత్తి నాకొద్దు. నా బుట్ట నా నెత్తినే ఉంతాది. నన్ను ఆ సైకిలు మీద కూకోబెట్టండి."

"కట్టుబాటు ఉంది గదా అప్పా," అన్నాడొకడు.

"పడినదాన్ని నాను. కట్టుబాటు నాది. నన్నూ బుట్టనీ కలిపి తొయ్యమను. బరువు మొయ్యడం కాదేటి అది?"

 కాశమ్మని కేరేజి మీద పెరుగు బుట్టల మధ్య కూర్చోబెట్టారు. ఆవిడ బుట్టని ఒళ్ళో పెట్టుకోనంది, నెత్తి మీదే పెట్టించుకుంది. చిలకమ్మ హేండిల్ పట్టుకుని తొయ్యడం మొదలుపెట్టింది. ఎదురొచ్చిన ప్రతివాడూ దిగాడు. నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తున్న ఎల్లారావు కూడా దిగి, అంచుకి తప్పుకుని, పెళ్ళాన్నీ సైకిలునీ సైకిలు మీది కాశమ్మనీ నోరు తెరుచుకుని చూశాడు.

జనం వెనకబడ్డాక కాశమ్మ మెల్లిగా, "ఎన్నాళ్ళయింది మెడ?" అంది.

చిలకమ్మ ఆగిపోయింది. "నీకెవులు సెప్పేరు?"

"ఎవులు సెప్పాల? ఇన్నేళ్ళు నీ ఎనకాల నడిసేను. నీ మెడ ఒరిగిపోతంటే నాకు అవుపడదేటి? తొయ్యి, బుట్ట కదిలిపోతంది."

కొంచెం దూరం పోయాక చిలకమ్మ ముక్కు ఎగబీల్చి, "తప్పయిపోనాదప్పా," అంది. "అందరూ దిగతన్నారు గదాని నాకు సైకిలు మీదున్నట్టే నేదు."

"నీకు దిగతన్నారనుకున్నావేటి? నువ్వెక్కడ మీద పడిపోతావోనని దిగతన్నారు. ఆ సుబాకర్ గుంటడు మడిలోకి గెంతింది అందుకే."

చిలకమ్మకి ఒక్క క్షణం తల కొట్టేసినట్టయింది. తర్వాత నవ్వొచ్చింది. ఆవిడ నవ్వుకి సైకిలు ఊగింది, కాశమ్మ బుట్ట పట్టుకుని, "అదిగో, అదే," అంది.

కాశమ్మ మడమ తగ్గడానికి చాన్నాళ్ళు పట్టింది. ఆ రోజులన్నీ ఆవిడ కూరగాయలు చిలకమ్మ సైకిలు మీదే టౌనుకి పోయాయి. చిలకమ్మ ఇప్పుడు నెత్తిన బుట్ట కనబడితే చాలు, మిగతా అందరికన్నా ముందే దిగిపోతోంది. గెడ్డ వైపు అంచున సైకిలు పట్టుకుని నిలబడి, బుట్టవాళ్ళు దాటిపోయేదాకా ఎక్కడం లేదు. బెల్లు మాత్రం ఊడదీయించలేదు. మేకలకి కావాలి గదా అనేది. ఆవిడ నోరు ఎప్పటిలాగే ఉంది. వానలో తొక్కి గాడి తీసిన ఆ తొందరగాడెవడో ఆచూకీ తీసి, వాడిచేతే మట్టి మోయించి పూడిపించింది. తప్పు చేసి ఒప్పుకున్న మనిషి గట్టు మీద మెతకబడుతుందని కొందరు ఆశపడ్డారు, వాళ్ళ ఆశ అడియాసే అయింది.

కార్తీకమాసంలో కాశమ్మ మళ్ళీ బుట్టెత్తింది. చిలకమ్మ వెనకనించి వస్తూ దూరాన్నే చూసింది. "వత్తన్నానప్పా," అని పిలిచి దిగింది. దాటిపోవచ్చు, దారి ఉంది. ఎందుకో దాటబుద్ధి కాలేదు. సైకిలు నడిపించుకుంటూ ఆవిడ వెనకే నడవసాగింది. ఇన్నేళ్ళ సావాసంలో చిలకమ్మ కాశమ్మ వెనక నడవడం అదే మొదలు. ఎప్పుడూ తనే ముందు, నెత్తిన కుండ, వెనక్కి తిరిగి చూసే వీలెక్కడిది?

పొద్దెక్కుతోంది. కాశమ్మ మెడ మీద ఎండ పడింది. బుట్ట కింద ఆ మెడ ఎడమ పక్కకి ఒరిగి ఉంది. అడుగు వేసినప్పుడల్లా భుజం పైకి లేచి దానికి ఊతమిస్తోంది. చేతివేళ్ళని ఆవిడ నడుస్తూ నడుస్తూ మధ్యమధ్య విదిలించుకుంటోంది. ఆ విదిలింపు చిలకమ్మకి బాగా తెలుసు. ఏడాది పాటు తనూ అలాగే, ఎవరూ చూడటం లేదనుకుని విదిలించుకుంది. తన మెడ వంక ఈవిడ అన్నేళ్ళు చూసింది. ఈవిడ మెడ వంక చూసినవాళ్ళు లేరు. 

"అప్పా, ఆగు."

కాశమ్మ ఆగింది. వెనక్కి తిరగలేదు, నెత్తిన బుట్టతో మెడ తిప్పకూడదు కాబట్టి.

చిలకమ్మ సైకిలు స్టాండేసి, ముందుకొచ్చి, రెండు చేతులతో ఆ బుట్ట దించింది. పెరుగు తప్పేలాల మీద అడ్డంగా పెట్టి తాడుతో కట్టడం మొదలుపెట్టింది.

"ఏటే సేత్తన్నావు?"

"ఇకనించి ఇది ఇక్కడే. నువ్వు సేతులూపుకుంటా నడు."

కాశమ్మ తన నెత్తి తడుముకుంది. బుట్ట లేని నెత్తితో గట్టు మీద నిలబడటం ఆవిడకి బట్టలు లేనట్టుగా ఉంది. ఎదరనించి సైకిళ్ళ వరస వస్తోంది. ఆవిడ కాళ్ళు వాటంతటవే అంచు వైపు జరిగాయి.

"బుట్ట నేకపోతే నాకెవుడు దిగుతాడే?" అంది.

చిలకమ్మ తాడు ముడి బిగించి, ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్ళీ దారి మధ్యకి లాగింది.

"నాను దిగుతాను," అంది.

ఆ తర్వాత ఆ గట్టు మీద వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు అలాగే వెళ్ళారు. ముందు కాశమ్మ, వెనక సైకిలు తోసుకుంటూ చిలకమ్మ.